నీల్స్ హెన్రిక్ ఆబెల్ : ఒక విద్యార్థి దేశాటనము

నేడు మన జిల్లాలనుండి ఏటేట ఎందఱో విద్యార్థులు సముద్రములు దాటి చదువునకై పరదేశములకు బోవుచున్నారు. వారు విమానము దిగిన గడియలోనే వారి కంఠస్వరమును తల్లిదండ్రులు ఇంటనుండి వినగలుగుచున్నారు. ఇన్నూఱు సంవత్సరములకు బూర్వము అట్టి సౌకర్యము లెవ్వియు లేవు. ఆ కాలమున ఉత్తరపు దిక్కున నున్న ఒక బీదదేశమునుండి ఇరువదిమూడేండ్ల విద్యార్థి యొకడు, ప్రభుత్వమువారిచ్చిన కొలది ధనమును చేతబట్టుకొని, గుఱ్ఱపుబండ్లమీదను ఓడలమీదను యూరపు ఖండమును సగము చుట్టివచ్చెను. తిరిగి వచ్చునప్పటి కతనికి మిగిలినవి అప్పులు మాత్రమే. అయినను అతడు దారిలో విడిచివచ్చిన కాగితములను నేటికిని గణితశాస్త్రజ్ఞులు చదువుచున్నారు. అతని పేరు నీల్స్ హెన్రిక్ ఆబెల్. మా విద్యార్థులలో గణితమన్న భయపడువారు కొందఱు గలరని మే మెఱుగుదుము. వారును ఈ కథను నిర్భయముగ చదువవచ్చును. ఇందులో లెక్క తక్కువ, బ్రదుకెక్కువ.

ఆబెల్ 1802వ సంవత్సరము ఆగష్టు 5వ తేదీన నార్వే దేశమున జన్మించెను. తండ్రి సోరెన్ గియోర్గ్ ఆబెల్ యెర్‌స్టా అను గ్రామమున సంఘకాపరి. నెపోలియను యుద్ధముల కాలమున ఇంగ్లీషు ఓడలు ఆ దేశపు రేవులను మూసివేయుటచే ధాన్యము దొరకక, జనులు చెట్టు బెరడును పిండిలో కలుపుకొని రొట్టెలు చేసికొని తినిరి. ఆ కరవులోనే నీల్స్ బాల్యము గడచెను. 1815వ సంవత్సరమున, పదుమూడవ యేట, తండ్రి యతనిని రాజధానియగు క్రిస్టియానియా నగరములోని కథీడ్రల్ పాఠశాలకు బంపెను. ఆ నగరమునే 1925నుండి ఓస్లో యని పిలుచుచున్నారు.

ఆ పాఠశాల యప్పు డంత మంచిస్థితిలో లేదు. మంచి యుపాధ్యాయులు కొందఱు క్రొత్తగా స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు వెడలిపోయిరి. మిగిలిన గణితోపాధ్యాయుడు కఠినుడు; 1817వ సంవత్సరమున అతడు ఒక విద్యార్థిని కొట్టగా, కొలది దినములకు ఆ బాలుడు మరణించెను. ఆ యుపాధ్యాయుని తొలగించి, 1818లో ఆ స్థానమున బెర్న్ట్ మైకేల్ హోల్మ్‌బో అను యువకుని నియమించిరి. ఆయన ఆబెల్‌కంటె ఏడేండ్లు మాత్రమే పెద్ద. ఆయన బెత్తమును ప్రక్కనబెట్టి విద్యార్థులకు చిన్నచిన్న సమస్యలిచ్చి స్వయముగ నాలోచింపుడని విడిచెను. అప్పటివరకు సామాన్యుడుగ నున్న నీల్స్ కొలది మాసములలో పాఠ్యపుస్తకములను దాటిపోయెను. అంతట నుపాధ్యాయుడు తన యొద్దనున్న ఆయిలర్, లగ్రాంజ్ మొదలగు మహాగణితజ్ఞుల గ్రంథముల నతని ముందుంచి, తానును ప్రక్కన గూర్చుండి చదివెను. ఒక పాఠశాలలో నుపాధ్యాయుడు మాఱుటవలన ఏమి కలుగునో ఇంతకంటె స్పష్టమగు నుదాహరణము మాకు దొరకలేదు.

ఇంట మాత్రము కష్టములే. తండ్రి శాసనసభలో సభ్యుడుగ నుండి, తొందరపడి యితరులపై నిలువని నింద మోపి, అపకీర్తిపాలై, తరువాత మద్యమునకు లోబడి 1820లో మరణించెను. అన్నకు మతిస్థిమితము లేదు. కావున పదునెనిమిదవ యేట తల్లియొక్కయు తోబుట్టువులయొక్కయు భారము నీల్స్‌మీద పడెను. 1821లో నతడు విశ్వవిద్యాలయమున జేరినప్పుడు కొందఱు ఆచార్యులు తమ జీతములనుండి కొంత తీసి యతనికి భోజనమునకును పుస్తకములకును ఏర్పాటు చేసిరి. వసతిగృహమున తన గదిలోనే తమ్ముడొకనిని బెట్టుకొని పోషించుటకు అతడు సెలవు పొందెను. ఖగోళశాస్త్రాచార్యుడగు హాన్‌స్టీన్‌గారి భార్య యతనికి రెండవ తల్లివలె నుండెను.

ఇక నతని పరిశోధన సంగతి కొంచెము చెప్పవలయును. వర్గ సమీకరణమును సాధించు సూత్రమును మన పైతరగతుల బాలురందఱు నెఱుగుదురు. మన దేశమున శ్రీధరాచార్యుడు నేర్పిన మార్గమే యది. ఘన సమీకరణమునకును చతుర్థఘాత సమీకరణమునకును గూడ అట్టి సూత్రములను ఇటలీ దేశీయులు కనుగొనిరి. కార్డానో వానిని 1545లో ప్రకటించెను. పంచమఘాత సమీకరణమునకు మాత్రము దాదాపు మున్నూఱేండ్లు వెదకినను ఎవరికిని సూత్రము దొరకలేదు. పాఠశాలలో నుండగానే ఆబెల్ తనకది దొరకినదని తలచెను. నార్వేలో దానిని పరీక్షింపగలవారు లేక కోపెన్‌హేగెను నగరమునకు బంపగా, డేగెన్ అను నాచార్యుడు ఒక యుదాహరణమును చేసి చూపుమని కోరెను. చేయబోవుటతోనే ఆబెల్ తన తప్పును తానే కనిపెట్టెను. అటుపై నతడు ప్రశ్ననే త్రిప్పివేసెను. సూత్రమును వెదకుటకు బదులు అట్టి సూత్రము అసలుండుట సాధ్యమా యని విచారించి, సాధ్యము కాదని నిరూపించెను. ఇటలీలో రుఫీని యను నాయన 1799లోనే యిదే మాట చెప్పియుండెను గాని ఆ నిరూపణమున లోపము మిగిలియుండెను.

1824లో ఆబెల్ దీనిని సొంత ఖర్చుతో ఫ్రెంచి భాషలో నచ్చువేయించెను. డబ్బు చాలక యంతయు ఆఱు పుటలలో నిఱికించుటచే నది చదువువారికి మిక్కిలి దుర్గ్రాహ్యమయ్యెను. గోటింగెన్ నగరమున గౌస్ మహాశయునకు బంపిన ప్రతి, ఆయన మరణానంతరము, పుటలంచులు కోయబడకయే దొరకెనని చెప్పుదురు.

అంతకు ముందు 1823 వేసవిలో ఒక ఆచార్యుడిచ్చిన నూఱు స్పెసీడాలరులతో ఆబెల్ కోపెన్‌హేగెను చూచివచ్చెను. అక్కడ నొక నృత్యసభలో క్రిస్టీన్ కెంప్ అను కన్యను కలిసికొనెను. మఱుసటి సంవత్సరమున వారిద్దఱకును వివాహనిశ్చయ మయ్యెను. అక్కడినుండి హోల్మ్‌బోకు వ్రాసిన జాబులో తేదీకి బదులు 6064321219 అను సంఖ్యయొక్క ఘనమూలమును వేసెను. మా విద్యార్థులు దానిని దశాంశములతో గూడ కట్టి చూచినయెడల అది యే సంవత్సరములో ఏ మాసమున ఏ దినమో తేలును. గడియారము చూడక చేసినవారికి ఫలితము బాగుగ వచ్చును.

ఆబెల్‌ను విదేశములకు బంపవలెనని ఆచార్యులు ప్రభుత్వమును కోరిరి. ప్రభుత్వమువారు ముందు భాషలు నేర్చుకొనవలెనని ఏటికి రెండువందల స్పెసీడాలరుల చొప్పున నిచ్చి యతనిని నిలిపిరి. కడకు ఏటికి ఆఱువందల చొప్పున రెండేండ్లకు ప్రయాణ వేతనము మంజూరయ్యెను. గోటింగెన్‌లో గౌస్ యొద్దను, పారిసులోని పండితుల యొద్దను చదువవలెనని యేర్పాటు. 1825 సెప్టెంబరులో ఆబెల్ బయలుదేరెను. అతనితోకూడ నలుగురు స్నేహితులుండిరి. వారిలో కైల్‌హౌ భూగర్భశాస్త్రమును చదువువాడు. తక్కిన వారెవ్వరును గణితజ్ఞులు కారు.

కోపెన్‌హేగెను చేరునప్పటికి డేగెన్‌గారు గతించియుండిరి. స్నేహితులందఱు బెర్లిను వెళ్లుచుండిరి. ఒంటరిగ నుండుట యన్న ఆబెల్‌కు మిక్కిలి భయము. దిగులు పట్టినచో పని సాగదని యతడే యెఱుగును. కావున గోటింగెన్‌ను విడిచి వారితో బెర్లిను చేరెను. ఇది బాధ్యత లేని పని యని కొందఱు చరిత్రకారులు వ్రాసియున్నారు. మేము మాత్రము అట్లు తలంపము. తండ్రి పోయి, ఇల్లు చెదరి, పరభాషలు సరిగ రాని పిల్లవాడు తోడు కోరుట తప్పెట్లగును? పైగా ఆ త్రోవతప్పుటవలననే యతనికి క్రెల్లె దొరకెను.

ఆగస్ట్ లియోపోల్డ్ క్రెల్లె ప్రష్యా ప్రభుత్వమున ఇంజనీరు. గణితమున ప్రీతి మెండు. ఆబెల్ మొదటిసారి ఆయన గదికి బోయినప్పుడు జర్మను మాట సరిగ రాక నిలువబడియుండగా, ఏదో పరీక్షకు వచ్చిన యువకుడని క్రెల్లె భావించెను. కొంతసేపటికి గణితము మాట వచ్చినది. పంచమఘాత సమీకరణము మాట వచ్చినది. ఆ సమీకరణమును సాధింపజాలమన్న మాటను క్రెల్లె మొదట నమ్మలేదు; విన్న తరువాత విడువలేదు. ఆయన యింట ప్రతి సోమవారము జరుగు గోష్ఠికి ఆబెల్ పోవుచుండెను. క్రెల్లె షికారు పోవునప్పుడు స్టైనర్ అను మఱియొక యువ గణితజ్ఞుడును ఆబెలును వెంట నుండుట చూచి, ఆదాము తన కుమారులు కయీను హేబెలులతో పోవుచున్నాడని ఊరివారు నవ్వుకొనెడివారట. బైబిలు చదివిన మా బాలురకు ఈ పరిహాసమును వివరింప నక్కఱలేదు. పాపము స్టైనర్ ఏ యపరాధమును ఎఱుగడు.

ఆబెల్ ప్రోత్సాహముచే క్రెల్లె చిరకాలముగ తలంచుచున్న గణితపత్రికను 1826లో ప్రారంభించెను. మొదటి సంపుటములోనే ఆబెల్ వ్యాసములు పెక్కు గలవు. అందు పంచమఘాత సమీకరణపు నిరూపణము ఈసారి విపులముగ వెలువడెను. ఆబెల్ ఫ్రెంచిలో వ్రాయగా క్రెల్లె జర్మనులోనికి మార్చెను. ఆ పత్రిక నేటికిని నడచుచున్నది. ఆ కాలముననే ఆబెల్ అనంతశ్రేణుల విషయమై హోల్మ్‌బోకు జాబు వ్రాసెను. అంతులేని శ్రేణులను పండితులు కూడి తీసి యిష్టమువచ్చినట్లు వాడుచున్నారనియు, వాని మొత్తము నిజముగ నున్నదా లేదా యని చూచువారు అరుదనియు అందతని బాధ. ద్విపద సిద్ధాంతమునుగూర్చి యతడు వ్రాసిన వ్యాసము ఆ యలవాటును సరిదిద్దుటకే.

బెర్లినులో నుండగా స్వదేశమునుండి వార్త వచ్చెను. విశ్వవిద్యాలయమున గణితాచార్యుని పదవి ఖాళీ కాగా, దాని నతని గురువగు హోల్మ్‌బోకు ఇచ్చిరి. ఆబెల్‌ను ప్రయాణమునుండి వెనుకకు పిలుచుట తగదనియు, అంతటి మేధావి చిన్న విద్యార్థులకు బోధించుటకు దిగిరాలేడనియు వారు కారణము చూపిరి. దేశమున ఆ శాస్త్రమునకు మఱియొక పదవి లేదు. ఆబెల్ కాని, వేచియున్న క్రిస్టీన్ కాని దీని భావమును గ్రహింపకపోలేదు. అయినను అతడు గురువునకు అభినందనములు వ్రాసెను. వారి స్నేహమునకు కడవఱకు కొఱత రాలేదు. ఈ యొక్క సంగతికే యతని చరిత్ర వ్రాయదగినదని మా యభిప్రాయము.

1826 వసంతమున స్నేహితులు దక్షిణమునకు కదలిరి. కైల్‌హౌకు ఫ్రైబర్గ్‌లోని గనుల విద్యాలయమున పని యుండెను. అక్కడ ఆబెలును కొన్ని వారములు నిలిచి వ్రాసికొనెను. తరువాత డ్రెస్డెను, ప్రాగు, వియన్నా నగరములను చూచిరి. నాటకమన్న ఆబెల్‌కు ప్రాణము. చేరిన ప్రతి నగరమున మొదట నాటకశాలను వెదకెడివాడు. వియన్నానుండి గ్రాట్స్‌మీదుగ ట్రియస్టు రేవునకును, అచ్చటనుండి వెనిసు నగరమునకును పోయిరి. వెరోనా మీదుగ ఆల్ప్స్ పర్వతములెక్కి ఇన్స్‌బ్రుక్ చేరి, స్విట్జర్లండులో రిగి శిఖరమును చూచి, బాసెల్ మార్గమున ఆబెల్ జూలై నెలలో పారిసు చేరెను. ప్రభుత్వ ధనముతో చదువ వచ్చినవాడు వెనిసులో నేమి చదువునని అడుగువా రుండిరి. ఆబెలే హాన్‌స్టీన్‌గారికి జాబు వ్రాసి, లోకమును కొంత చూడగోరిన తన కోరికను మన్నింపుమని వేడుకొనెను. అది యతని జీవితములో మొదటి విహారము. అదే కడపటిది.

పారిసునకు వేసవి సెలవులలో చేరుటచే పండితులందఱు పల్లెలకు బోయియుండిరి. ఆబెల్ ఒక కుటుంబమువారి యింట గది తీసికొని, తన జీవితములోకెల్ల గొప్ప రచనను ఆ నెలలలో ముగించెను. దాని సారాంశమును మోటుగ చెప్పుదుము. కలనగణితమున కొన్ని సమాకలములను మన మెఱిగిన ప్రమేయములతో తేల్చలేము. దీర్ఘవృత్తపు చాపము పొడవు అట్టిది. అట్టి రెండింటిని కూడినచో ఒక్కటిగ మార్చవచ్చునని ఆయిలర్ చూపియుండెను. ఆబెల్ అంతకంటె ఎంతో విస్తృతమగు జాతిని తీసికొని, ఎన్ని సమాకలములను కూడినను ఆ మొత్తమును ఒక నియమిత సంఖ్యగల సమాకలములకు దింపవచ్చుననియు, ఆ సంఖ్య మూలమగు వక్రరేఖమీదనే ఆధారపడుననియు నిరూపించెను. పండ్రెండు రూపాయలైనను పండ్రెండువేల రూపాయలైనను ఒకే పరిమాణముగల సంచిలో పట్టునన్నట్లుండును ఈ మాట.

1826 అక్టోబరు 30వ తేదీన ఆ రచన ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు సమర్పింపబడెను. పరీక్షకులుగ లెజాండ్ర్, కోషీ యను వారు నియమింపబడిరి. లెజాండ్ర్ డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు. కోషీ మహామేధావి, కాని తన పనిలో మునిగినవాడు. ఆయన దానిని ఇంటికి తీసికొనిపోయి ఒక మూల నుంచి మఱచెను. ఆబెల్ ప్రతిదినము ఉత్తరువునకై ఎదురుచూచెను. ఆ మహానగరమున అందఱు మర్యాదగ మాటలాడిరి గాని, అతని పని యేమని యడిగినవారు అరుదు. ఒకనాడు డిరిక్లే యను జర్మను యువకుడు, ఆబెల్ తన దేశీయుడే యని పొరబడి చూడవచ్చెను. పొరబాటుననైనను మంచి పరిచయమే కలిగెను. నార్వే చిత్రకారుడు గోర్బిట్స్ అక్కడనే యతని చిత్తరువును వ్రాసెను. ఆబెల్ జీవించియుండగా వ్రాసిన చిత్ర మదియొక్కటే. నేడు పుస్తకములలో మనము చూచునది దాని ప్రతియే.

ధనము తఱిగెను, దగ్గు మొదలయ్యెను. డిసెంబరు తుదిని అతడు పారిసు విడిచి, 1827 జనవరిలో బెర్లిను చేరి, అప్పు చేసి కొన్ని నెలలు గడపెను. క్రెల్లె పత్రికకు సంపాదకుడుగ నుండుమని యడిగెను గాని ఆబెల్‌కు ఇంటిమీద గాలి మళ్లెను. గౌస్‌ను చూడనే లేదు. 1827 మే నెలలో క్రిస్టియానియా చేరునప్పటికి ఉద్యోగము లేదు. వేతనమును పొడిగింపుమన్న విన్నపము త్రోసివేయబడెను. బడిపిల్లలకు లెక్కలు చెప్పి పొట్ట పోసికొనెను. తరువాత కొంచెము భృతి దొరకెను. 1828లో హాన్‌స్టీన్‌గారు భూమియొక్క అయస్కాంతశక్తిని కొలుచుటకు సైబీరియాకు పోగా, ఆయన స్థానమున తాత్కాలికముగ నియమింపబడెను.

ఈ రెండేండ్లలో నతడు చేసిన పని ఆశ్చర్యకరము. దీర్ఘవృత్తీయ సమాకలములను తలక్రిందు చేసి వానినుండి క్రొత్త ప్రమేయములను పుట్టించి 1827లో ప్రకటించెను. అదే సమయమున జర్మనీలో యాకోబి యను యువకుడును ఆ త్రోవనే నడచుచుండెను. ఇద్దఱు పందెపు గుఱ్ఱములవలె ఒకరి వెనుక నొకరు వ్యాసములు ప్రకటించుచుండగా, వృద్ధుడగు లెజాండ్ర్ నలుబదేండ్లు తాను దున్నిన పొలమున ఈ పంట చూచి సంతోషించెను. 1828 సెప్టెంబరులో ఫ్రెంచి పరిషత్తు సభ్యులు నలుగురు, ఆబెల్‌కు తగిన స్థానమిమ్మని స్వీడన్-నార్వేల రాజునకు జాబు వ్రాసిరి. ఆ జాబువలన నేమియు జరుగలేదు.

ఆ క్రిస్మసునకు ఆబెల్ మంచుమీద జారుబండిలో ఫ్రోలండ్ అను చోటికి వెళ్లెను. అక్కడ నొక గొప్పవారి యింట క్రిస్టీన్ పిల్లలకు చదువు చెప్పుచుండెను. ఇద్దఱకును సంపాదన చాలక వివాహము ఏటేట వెనుకకు పోవుచుండెను. పండుగ యయిన పిమ్మట క్షయవ్యాధి ముదిరి అతడు రక్తము కక్కెను. పారిసులో నిచ్చిన రచన పోయినదనియే తలచి, 1829 జనవరిలో దాని మూలసిద్ధాంతమును రెండే పుటలలో మరల వ్రాసి క్రెల్లెకు బంపెను. తరువాత మంచమునుండి లేవలేదు. ఏప్రిలు 6వ తేదీన, ఇరువదియాఱవ యేట, మరణించెను. రెండు దినములకు, ఏప్రిలు 8న, బెర్లినులో ఉద్యోగము నిశ్చయమైనదని క్రెల్లె మహానందముతో జాబు వ్రాసెను.

క్రిస్టీన్‌ను అంతకుముందు చూచియైన నెఱుగని కైల్‌హౌ, మిత్రుని కోరికమీద ఆమెను 1830లో వివాహమాడెను. అదే సంవత్సరమున ఫ్రెంచి పరిషత్తు తన మహాబహుమానమును ఆబెల్, యాకోబుల కిద్దఱకును ప్రకటించెను. ఆబెల్ వంతు తల్లికి చేరెను. హోల్మ్‌బో తన శిష్యుని రచనలను కూర్చి 1839లో ముద్రించెను గాని, అందు పారిసు రచన లేదు. అది యింకను పారిసులోనే యుండెను.

ఆబెల్ పేర నార్వే ప్రభుత్వము నెలకొల్పిన బహుమానము 2003నుండి ఇయ్యబడుచున్నది. 2007లో దానిని పొందిన శ్రీనివాస వరదన్‌గారు చెన్నపట్టణమున జన్మించినవారు.

పారిసు రచన సంగతి మిగిలినది. యాకోబి విచారించిన మీదట కోషీ దానిని వెదకి తీసెను. 1841లో నది యచ్చయ్యెను. అచ్చు పని చూచినవాడు లిబ్రీ యను ఇటలీ దేశీయుడు. పుస్తకములు దొంగిలించెనను నేరముపై అతడు 1848లో ఫ్రాన్సు విడిచి పారిపోయెను. ముద్రణ కాలముననే ఆబెల్ స్వహస్తముతో వ్రాసిన ప్రతి మాయమయ్యెను. నూఱేండ్లకు పైగా నది యెక్కడనున్నదో ఎవరికిని తెలియదు. 1952లో విగ్గో బ్రున్ అను నార్వే గణితజ్ఞుడు ఇటలీకి పోయి, ఫ్లారెన్సు నగరమున ఒక గ్రంథాలయములో దానిని కనుగొనెను. కొన్ని పుటలు మాత్రము అందు లేకుండెను. వానిలోను కొన్ని అటుపై అర్ధశతాబ్దమునకు ఆ నగరముననే దొరకినవి.